అల్ అమెరాత్ దిగుడు: 2015 టూర్ ఆఫ్ ఒమాన్ ఐదో స్టేజి ఎందుకు ఆగిపోయింది

టూర్ ఆఫ్ ఒమాన్ అంటే ఒమాన్ దేశంలో రోజుకో స్టేజి చొప్పున కొన్ని రోజులు సాగే సైకిల్ రేసు. ఆ పేరు వినగానే సైకిల్ రేసులు చూసేవాళ్లకు గుర్తొచ్చేది జబల్ అఖ్దర్, అంటే పచ్చకొండ. నిజ్వా దగ్గర బిర్కత్ అల్ మౌజ్ ఊరు దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డు అది. రేసు ఎక్కేది అందులో 5.7 కిలోమీటర్లే. కానీ సగటు వాలు 10.5 శాతం, కొన్నిచోట్ల 13 శాతం దాటుతుంది. ఫినిష్ గీత సముద్ర మట్టానికి 1,230 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ రోడ్డు కింద చెక్‌పోస్టులో ఫోర్ వీల్ డ్రైవ్ లేని బండిని పైకి పోనివ్వరు. బ్రేకులు పోయిన లారీలు దూసుకెళ్లి ఆగడానికి పక్కన మట్టి ర్యాంపులు కట్టి ఉంటాయి.

2015లో రేసు ఆగిపోయింది ఆ కొండ మీద కాదు. ఫిబ్రవరి 20న నాలుగో స్టేజి జబల్ అఖ్దర్ మీద సవ్యంగా ముగిసింది. స్పెయిన్ రైడర్ రఫాయెల్ వాల్స్ గెలిచి, మొత్తం టైములో ముందున్నవాడికిచ్చే లీడర్ జెర్సీ తొడిగాడు. మర్నాడు, ఫిబ్రవరి 21 శనివారం, మస్కట్ పక్కనే ఉన్న బౌషర్ - అల్ అమెరాత్ రోడ్డు మీద రైడర్లు సైకిళ్లు దిగి ఒక వంతెన నీడలో నిలబడ్డారు. స్టేజి రద్దయింది. ఆ రోడ్డు ఎక్కే కొండ పచ్చకొండ కన్నా చాలా చిన్నది: మూడు కిలోమీటర్లకు కాస్త పైన పొడవు, 9 శాతం దరిదాపు వాలు, మూడొందల మీటర్ల ఎత్తు.

పెద్ద కొండ మీద రాని ఇబ్బంది చిన్న కొండ మీద ఎందుకొచ్చింది? ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. జవాబు సూటిగా చెప్పొచ్చు. జబల్ అఖ్దర్ స్టేజి ఎక్కుడుతో ముగుస్తుంది. అల్ అమెరాత్ స్టేజిలో ఎక్కినవాళ్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి, మళ్లీ దిగాలి. ఎడారి కొండల్లో రేసు ప్లాన్ చేసేవాళ్లు ఎక్కుడును చూసి భయపడతారు. టైర్లు, రిమ్‌లు, బ్రేకులు చూసుకునేవాళ్లు భయపడాల్సింది దిగుడును చూసి.

ఆ రోజు ఏం జరిగింది

ఐదో స్టేజి అసలు రూటు అల్ సవాదీ బీచ్ నుంచి బౌషర్ దాకా, 150 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున స్టార్ట్ దగ్గర ఇసుక తుఫాను. కళ్ల ముందు రోడ్డు కనిపించనంత దుమ్ము. అక్కణ్ణుంచి రేసు మొదలుపెట్టే వీలు లేక స్టార్ట్‌ను మస్కట్ వైపు మార్చారు, దూరం తగ్గించారు, అల్ అమెరాత్ కొండ చుట్టూ తిరిగే భాగాన్ని ఉంచారు. మస్కట్‌లో ఫిబ్రవరి పగటి ఉష్ణోగ్రత మామూలుగా 26 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఆ రోజు వేడిగాలితో 40 తాకింది. రేసు మొదలైన కాసేపటికే దిగుళ్లలో టైర్లు పేలడం మొదలైంది. ఫాబియన్ కాన్సెలారా, టామ్ బూనెన్ లాంటి సీనియర్లు ముందుండి మాట్లాడారు. నిర్వాహకులతో, రేసు పుట్టుక నుంచీ దానితో ఉన్న బెల్జియం పాత ఛాంపియన్ ఎడ్డీ మెర్క్స్‌తో వాదన నడిచింది. చివరికి ఫలితం ఏమీ లేకుండానే ఆ రోజు స్టేజి ముగిసింది.

రైడర్లు ఎండకు భయపడ్డారని చాలామంది అప్పట్లో తేల్చేశారు. అది సగం మాటే. 40 డిగ్రీల్లో నడిచిన రేసులు అంతకుముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. ఒంటికి ఎండ తగలడం ఒక సమస్య, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ముందు టైరు పేలడం పూర్తిగా వేరే సమస్య. మొదటిదాన్ని నీళ్లతో, ఐస్‌తో నెట్టుకురావచ్చు. రెండోదానికి ఆ క్షణంలో రైడర్ చేతిలో ఏమీ ఉండదు.

టైరు ఎందుకు పేలుతుంది

2015 ఫిబ్రవరి నాటికి ప్రొఫెషనల్ రోడ్ రేసుల్లో డిస్క్ బ్రేకులకు, అంటే చక్రం మధ్యలో ఉండే రోటర్ అనే పళ్లేన్ని పట్టి ఆపే బ్రేకులకు, అనుమతి లేదు. ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ ప్రయోగాత్మకంగా ఒప్పుకుంది ఆ ఏడాది ఆగస్టులో. కాబట్టి ఆ రోజు పరిగెత్తిన ప్రతి సైకిలుకూ ఉన్నది రిమ్ బ్రేకే. బ్రేక్ ప్యాడ్ నేరుగా రిమ్‌ను ఒరుసుకుంటుంది. ఆ రిమ్‌కే టైరు అంటుకుని ఉంటుంది. ఒరిపిడి వేడి పోవడానికి ముందు టైరు పక్కనుంచే పోవాలి.

ఎంత వేడి? లెక్క వేసి చూద్దాం. రైడరూ సైకిలూ కలిపి 80 కిలోలు, వాలు 9 శాతం, దిగుడు 3.4 కిలోమీటర్లు, దిగే ఎత్తు 306 మీటర్లు. ఆ ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 240 కిలోజౌల్స్. బ్రేకు ముట్టుకోకుండా వదిలేస్తే గాలి నిరోధం, టైరు ఒరిపిడి కలిసి గంటకు 70 కిలోమీటర్ల దగ్గర వేగాన్ని నిలబెడతాయి. అంటే 70లో పోయే రైడర్ బ్రేకుకు వేడే లేదు, శక్తంతా గాలి మింగేస్తుంది. 50లో దిగితే గాలి తీసుకునేది సగానికి తగ్గుతుంది, బ్రేకులు 110 కిలోజౌల్స్ దాకా మింగాలి. 35లో దిగితే బ్రేకుల వాటా 170 కిలోజౌల్స్ దగ్గరికి చేరుతుంది.

నెమ్మదిగా దిగితే క్షేమం అని అందరూ అనుకుంటారు. రిమ్ బ్రేకు విషయంలో ఈ లెక్క సరిగ్గా తిరగబడుతుంది. నెమ్మదిగా దిగినవాడి రిమ్‌కే వేడి ఎక్కువ. పైగా వేగం తగ్గితే రిమ్‌ను చల్లబరిచే గాలి కూడా తగ్గుతుంది.

450 గ్రాముల అల్యూమినియం రిమ్ ఒక డిగ్రీ వేడెక్కడానికి 0.4 కిలోజౌల్ చాలు. గాలి కొంచెం కూడా చల్లబరచలేదని అనుకుంటే 110 కిలోజౌల్స్ రెండు రిమ్‌లకూ సమానంగా పంచినా ఒక్కొక్కటి 135 డిగ్రీలు పెరుగుతుంది. గాలి చల్లబరుస్తుంది కాబట్టి నిజంగా అంత పెరగదు, కానీ హద్దు ఎక్కడుందో ఈ లెక్క చూపిస్తుంది. బ్రేకు భారం సమానంగా కూడా పడదు, ముందు చక్రానికే ఎక్కువ. కార్బన్ రిమ్ పరిస్థితి ఇంకా ఇబ్బంది. కార్బన్ ఫైబర్ వేడిని పక్కకు పారనివ్వదు. ప్యాడ్ ఒరుసుకునే పట్టీలోనే అది గూడు కట్టుకుంటుంది. అక్కడ ఫైబర్‌ను పట్టి ఉంచే రెసిన్ మెత్తబడే ఉష్ణోగ్రత దాటితే రిమ్ గోడ బయటికి ఉబ్బుతుంది.

ఇక లోపలి గాలి. ట్యూబును లోపల పెట్టి కుట్టేసి రిమ్‌కు జిగురుతో అంటించే టైరును ట్యూబులర్ అంటారు. గాలి ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు. 25 డిగ్రీల నీడలో 8 బార్ కొట్టిన ట్యూబులర్ టైరు 60 డిగ్రీలకు చేరితే 9 బార్ దాటుతుంది. 100 డిగ్రీలకు చేరితే 10.2 బార్ దాకా పోతుంది. మంచి ట్యూబులర్ ఈ ఒత్తిడికే పేలిపోదు. పేలుడుకు తోడయ్యేవి ఇంకో రెండున్నాయి. టైరును రిమ్‌కు పట్టి ఉంచే జిగురు వేడికి మెత్తబడుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ టైరు రిమ్ మీద అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు జరుగుతుంది. వాల్వు మాత్రం రిమ్ రంధ్రంలో ఇరుక్కుని జరగలేదు. వాల్వు మొదట్లో ట్యూబు కోసుకుపోతుంది. రెండోది లేటెక్స్, అంటే సహజ రబ్బరు ట్యూబు. రైడర్లకు అది ఇష్టం, సాగే గుణం వల్ల రోడ్డు మెత్తగా అనిపిస్తుంది. కానీ వేడి తగిలితే లేటెక్స్ బలం పడిపోతుంది. టైరు, ట్యూబు విడివిడిగా ఉండే క్లించర్ రిమ్‌లో అయితే ట్యూబు నేరుగా వేడి రిమ్‌కే ఆనుకుని ఉంటుంది. అందుకే రిమ్ బ్రేకు కార్బన్ క్లించర్‌లో లేటెక్స్ వద్దని చక్రాలు చేసేవాళ్లే చెబుతారు.

ఇసుక తుఫానును, టైర్ల పేలుడును విడివిడి సంగతులుగా రాశారు చాలామంది. రెండింటి మధ్య దారి ఉంది. మలుపులో సన్నటి ఇసుక పడి ఉంటే ఎవరూ నేరుగా దూసుకెళ్లరు. మలుపుకు ముందే వేగం 30కి దించేస్తారు. గుంపులో ఉంటే ముందున్నవాడి చక్రం ఎంత వేగంలో పోతే వెనకవాడిదీ అంతే వేగం. బ్రేకు గట్టిగా ఒకసారి వేసి వదిలేసే స్వేచ్ఛ ఉండదు, లివర్ మీద వేలు తీయకుండా దిగుడంతా రాపిడి పెడుతూనే ఉంటారు. రోడ్డు మీద ఇసుక, గుంపు, నల్లటి తారు వేడి, మధ్యాహ్నం ఎండ, ఈ నాలుగూ కలిసి పై లెక్కలో 50 అంకెను 35కి దించేస్తాయి. రిమ్ వేడి అక్కణ్ణుంచే వస్తుంది.

స్టార్ట్ తరలించడం వల్ల పడిన భారం కూడా ఇక్కడే చెప్పాలి. ఆలస్యమైన ప్రతి గంటా రేసును మధ్యాహ్నం వైపు నెడుతుంది. ఆ గంటల్లో సైకిళ్లు టీమ్ కారు పైన రాక్‌లోనో, నీడ లేని చోట కంచెకు ఆనించో ఉంటాయి. పొద్దున నీడలో కొట్టిన గాలి ఎండలో అప్పటికే అర బార్ పైకి పోయి ఉంటుంది. స్టార్ట్ వాయిదా పడిందంటే గాలి మళ్లీ చూడాలి. హడావిడిలో ముందుగా మర్చిపోయేది అదే.

బ్రేకు వేసే పద్ధతి

రిమ్ బ్రేకు సైకిలు మీద దిగే ప్రతివాడికీ నేర్పే సూత్రం ఒకటే. మలుపుకు ముందు గట్టిగా, తక్కువసేపు పట్టి పూర్తిగా వదిలేయాలి. వదిలేసిన ఆ కొద్ది సెకన్లలోనే రిమ్ చల్లారుతుంది. ఎక్కువ దిగుడు అయితే ముందు, వెనక మార్చి మార్చి వాడాలి. రాపిడి పెడుతూ దిగడం అన్నిటికన్నా చెడ్డది. లివర్ పట్టుకుంటే చేతికి దడదడ తగులుతుంటే రిమ్ గోడ ఒకచోట ఉబ్బిందని అర్థం. ఆ చక్రంతో ఇంకో మలుపు దిగకూడదు.

ఇదే సంగతి శ్రీశైలం ఘాట్‌లో, హార్స్‌లీ హిల్స్‌లో, అనంతగిరి నుంచి దిగే రోడ్డు మీద ఏప్రిల్, మే నెలల్లో రిమ్ బ్రేకు సైకిళ్లతో దిగేవాళ్లకూ వర్తిస్తుంది. 35 వేగంలో బ్రేకు పట్టుకుని దిగి, కింద టీ కొట్టు దగ్గర ఆగి రిమ్‌ను చేత్తో తాకితే వేలు కాలుతుంది. ఆగిన వెంటనే టైరు పేలిన సందర్భాలకు కారణం కూడా అదే. కదలిక గాలి ఆగిపోయాక రిమ్‌లో మిగిలిన వేడి ట్యూబు వైపే పోతుంది. మస్కట్‌లో ఉంటూ శుక్ర, శనివారాల్లో సైకిల్ తొక్కే తెలుగువాళ్లకు అల్ అమెరాత్ రోడ్డు దగ్గర్లోనే ఉంటుంది. వాళ్లు ఎండ ఎక్కకముందే దిగేయడం మంచిది.

డిస్క్ బ్రేకులు వచ్చాక సమస్య తీరిందా

2018 నుంచి రోడ్ రేసుల్లో డిస్క్ బ్రేకులు పూర్తిగా చెల్లుతున్నాయి. టూర్ ఆఫ్ ఒమాన్‌లో ఇప్పుడు పరిగెత్తే సైకిళ్లలో రిమ్ బ్రేకు వెతికినా దొరకదు. టైరుకు వేడి తగలడం ఆగింది. కానీ వేడి మాయం కాలేదు, ఇంకోచోటికి మారింది. 160 మిల్లీమీటర్ల రోటర్ బరువు 110, 120 గ్రాములే. అంత చిన్న ఉక్కు పళ్లెం తొందరగా వేడెక్కుతుంది, వదిలేస్తే అంతే తొందరగా చల్లారుతుంది. కాబట్టి గట్టిగా పట్టి వదిలేయడం అనే సూత్రం ఇక్కడ ఇంకా ఎక్కువ పనిచేస్తుంది.

ఎడారి రేసులో డిస్క్ బ్రేకుకు వచ్చే జబ్బులు మూడు. ఒకటి, లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేయడం. బ్రేకు నూనెలో ఆవిరి బుడగలు పుడితే ఇలా అవుతుంది. డాట్ 5.1 ద్రవం కొత్తదైతే 260 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్న పాతది 180 దగ్గరే మరుగుతుంది. రేసుకు బయలుదేరే ముందే నూనె మార్చాలి, హోటల్ పార్కింగ్‌లో కాదు. రెండు, ఇసుక. ప్యాడ్‌కూ రోటర్‌కూ మధ్య ఇసుక రేణువు చేరితే రోటర్ మీద గీతలు పడతాయి, ప్యాడ్ రెండింతలు వేగంగా అరుగుతుంది. స్టేజి అయ్యాక మొదట నీళ్లతో కడగాలి. ఎండిన గుడ్డతో తుడిస్తే ఇసుకతో రుద్దినట్టే. మూడు, అరుగుదల కొలవకపోవడం. షిమానో రోటర్ కొత్తగా 1.8 మిల్లీమీటర్లు, 1.5కి వస్తే తీసేయాలి. ప్యాడ్ మందం 0.5 మిల్లీమీటరుకు దిగితే మార్చాలి. ఐదారు రోజుల ఎడారి రేసులో ఈ అంకెలు సాయంత్రం సాయంత్రం చూడాలి. ఇంట్లో మూడు నెలలు నడిచే ప్యాడ్ ఇక్కడ ఎంతకు వస్తుందో అంచనా మీద వదిలేయకూడదు.

టైరు వైపు కొత్త చిక్కు హుక్‌లెస్ రిమ్. ఈ రిమ్‌కు టైరు అంచును పట్టుకునే కొక్కెం ఉండదు, అందుకే గరిష్ఠంగా 5 బార్ దాటకూడదని ప్రమాణం. ట్యూబ్‌లెస్ టైరుకు నీడలో 25 డిగ్రీలప్పుడు 4.8 బార్ పెట్టారనుకుందాం. టైరు 60 డిగ్రీలకు చేరితే అది దాదాపు 5.5 అవుతుంది. పంపు మీద చూసినప్పుడు హద్దులోనే ఉంది, రోడ్డు మీద హద్దు దాటింది. 2024 యూఏఈ టూర్‌లో థామస్ డి గెంట్ టైరు హుక్‌లెస్ రిమ్ నుంచి ఊడి అతను పడిపోయాక ఈ చర్చ బహిరంగమైంది. ఎడారి రేసుకు హుక్‌లెస్ తీసుకెళ్తే టైరు ఒక సైజు వెడల్పుగా ఎంచుకుని, నీడలో 4.3, 4.4 దగ్గర ఆపేయడమే సరైన పని. వేగం రవ్వంత తగ్గినా ఫరవాలేదు. ఇందులో బేరానికి చోటు లేదు.

ట్యూబ్‌లెస్ టైరులో చిల్లులు పూడ్చడానికి పోసే ద్రవం, సీలెంట్, వేడికి త్వరగా గట్టిపడుతుంది. టైరుకు 30, 40 మిల్లీలీటర్లు పోసి వచ్చినా మూడో రోజు సాయంత్రం వాల్వు కోర్ తీసి సన్నటి కర్రముక్క ముంచి చూడాలి. తడి అంటకపోతే మళ్లీ పోయాలి. చెయిన్‌కు జిడ్డు నూనె వేస్తే ఇసుక అంటుకుని గ్రైండింగ్ పేస్టు అయిపోతుంది. వ్యాక్స్ పూసిన చెయిన్ పెట్టి, రైడర్‌కు రెండేసి చెయిన్‌లు తెచ్చుకుని రెండో రోజో మూడో రోజో మార్చేయడం తేలిక.

ఒంటి వేడి, నీళ్లు

ఎక్కుడులో టైరుకు ప్రమాదం లేదు, మనిషికుంది. కిలోకు 6 వాట్లు నిలబెట్టగలిగే రైడర్ జబల్ అఖ్దర్ ఎక్కడానికి 20 నిమిషాలు పడుతుంది. 65 కిలోల మనిషి 390 వాట్లు పెడల్‌కు అందిస్తే ఒంట్లో దానికి మూడింతలకు పైగా, 1,250 వాట్ల దగ్గర వేడి పుడుతుంది. అదంతా చెమట ఆవిరితోనే పోవాలంటే గంటకు 1.8 లీటర్ల చెమట ఆవిరవ్వాలి. వేగం గంటకు 17, 18 కిలోమీటర్లే, వెనక నుంచి గాలి వీస్తే ఒంటికి తగిలే గాలి దాదాపు శూన్యం. ఆ 20 నిమిషాల్లో చల్లబడటానికి దారి లేదు. అందుకే కొండ అడుగుకు చేరేటప్పటికే ఒళ్లు చల్లగా ఉండాలి.

మెడ వెనక ఐస్ పెట్టే పద్ధతి దీనికోసమే. ఆడవాళ్లు వేసుకునే సన్నటి నైలాన్ మేజోడు ముక్క కోసి, గుప్పెడు ఐస్ నింపి ముడేసి, జెర్సీ కాలర్ లోపల పడేస్తారు. కరుగుతూ వీపు మీదికి నీళ్లు జారతాయి. ఏడుగురు రైడర్ల జట్టుకు రోజుకు 20, 25 కిలోల ఐస్ కావాలి. హోటల్ కిచెన్‌లో అంత దొరకదు, ముందురోజే ఊళ్లో ఐస్ దుకాణంలో చెప్పి పెట్టుకోవాలి. నిజ్వా దాటాక దొరుకుతుందిలే అని బయలుదేరితే ఆ రోజు పని చెడినట్టే.

బాటిళ్ల లెక్క: నాలుగున్నర గంటల స్టేజి, ఒక్కొక్కరికి గంటకు రెండున్నర అరలీటరు బాటిళ్లు, ఏడుగురు. 79 బాటిళ్లు. కింద పడేవి, తల మీద పోసుకునేవి కలుపుకుంటే 100కు తక్కువ కారులో పెట్టకూడదు. సగం మామూలు నీళ్లు, సగం ఉప్పు కలిపినవి, లీటరుకు 500 నుంచి 1,000 మిల్లీగ్రాముల సోడియం. అన్నీ ఉట్టి నీళ్లే ఇస్తే నాలుగో గంటకు తలనొప్పి, వాంతి మొదలవుతాయి. ఇంకా నీళ్లు తాగించి దాన్ని ముదరబెట్టేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. డిక్కీలో ఎండకు కాగిన నీళ్లు ఎవరూ తాగరు. ఐస్ పెట్టె లేకపోతే బాటిళ్లు 200 పెట్టినా దండగే.

ఒమాన్‌లో తీరం ఒకలా, లోపలి భాగం ఒకలా ఉంటుంది. మస్కట్ వైపు గాలిలో తేమ ఎక్కువ, తల మీద పోసుకున్న నీళ్లు ఆవిరి కాకుండా జారిపోతాయి. నిజ్వా వైపు పొడి గాలి, అవే నీళ్లు నిమిషాల్లో ఆవిరై ఒళ్లు చల్లబరుస్తాయి. అరలీటరు ఆవిరైతే 1,200 కిలోజౌల్స్ వేడి తీసుకుపోతుంది. అందుకే తీరంలో ఐస్ ఎక్కువ, లోపల పోసుకునే నీళ్లు ఎక్కువ తీసుకెళ్లాలి. ఒకటే ప్లాన్ రెండు చోట్లా పనిచేయదు.

నిర్ణయం ఎవరిది

2015లో అలాంటి పరిస్థితి వస్తే ఎవరు కూర్చుని ఏ అంకె చూసి ఏం తేల్చాలో రాసిపెట్టి లేదు. మధ్యలో ఆపేసింది రైడర్లే. దానికి ధర ఉంది. వాల్స్‌కూ రెండో స్థానంలో ఉన్న టీజే వాన్ గార్డరెన్‌కూ తేడా పది సెకన్ల లోపు. మిగిలిన చివరి స్టేజి మత్రా కార్నిష్ దగ్గర ముగిసేది, ఆ తేడా తిరగరాయడానికి అల్ అమెరాతే అసలు అవకాశం. ఈ రేసులో సెకన్లు చిన్నవి కావు. 2012లో పీటర్ వెలిట్స్ విన్సెంజో నిబాలి కన్నా ఒక్క సెకను ముందుండి గెలిచాడు, 2023లో మాటియో జోర్గెన్సన్ కూడా ఒక్క సెకనుతోనే గెలిచాడు. అయినా 2015లో ఆపడం సరైనదే. పేలుతున్న టైర్లతో లీడర్ జెర్సీ ఎవరిదో తేల్చడం రేసు కాదు.

తప్పు అనాలంటే ముందురోజు రాత్రి లేని ప్లాన్‌ది అనాలి. 2016 జనవరిలో యూసీఐ ఎక్స్‌ట్రీమ్ వెదర్ ప్రోటోకాల్ అమల్లోకి వచ్చింది. విపరీతమైన ఉష్ణోగ్రత, ఈదురు గాలి, కనిపించనంత దుమ్ము లాంటివి ఉంటే నిర్వాహకులు, జట్ల ప్రతినిధి, రైడర్ల ప్రతినిధి, ముఖ్య జడ్జి కలిసి కూర్చోవాలి. స్టార్ట్ సమయం మార్చాలా, రూటు మార్చాలా, కొంత భాగం న్యూట్రలైజ్ చేయాలా (అంటే అక్కడ పోటీ ఆపి అందరినీ కలిసి పోనివ్వాలా), రద్దు చేయాలా అని తేల్చాలి. తర్వాత వేడికి విడిగా ఇంకో ప్రోటోకాల్ వచ్చింది. అది థర్మామీటర్ ఒక్కటే చూడదు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ రీడింగుకు 70 శాతం, నల్ల గోళంలో కొలిచిన ఎండ వేడికి 20, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం బరువిచ్చి ఒక అంకె తీస్తారు. అది 28 దాటితే ఎర్ర జోన్. 40 డిగ్రీల గాలి, 15 శాతం తేమ, మిట్ట మధ్యాహ్నం ఎండ కలిపి లెక్కిస్తే 30 దాటుతుంది. అంటే 2015 లాంటి రోజు ఇప్పుడొస్తే ఎర్ర జోనే.

ఈ ప్రోటోకాల్‌లో ఒక లోటు ఉంది. కొలిచేదంతా మనిషి ఒంటి వేడిని. రోడ్డు మీద ఇసుకను, దిగుడు వాలును, రిమ్‌కో రోటర్‌కో పడే భారాన్ని ఏ అంకే చెప్పదు. అది చెప్పాల్సింది జట్టు మెకానిక్, టీమ్ డైరెక్టర్. స్టేజి ముందురోజు దిగుళ్ల మీద కారులో ఒకసారి తిరిగి, మలుపుల్లో ఇసుక ఎక్కడ పేరుకుందో, ఎండు వాగులు, అక్కడి మాటలో వాదీలు, రోడ్డును ఎక్కడ దాటుతున్నాయో రాసుకోవాలి. గాలికి మొదట ఇసుక పడేది అక్కడే. ఊడ్చే బండి కావాలని అడగాలి. తర్వాతి ఏళ్లలో పచ్చకొండను చివరి రోజుకు మార్చడం ఈ దృష్టితో చూస్తే మంచి ఏర్పాటు. రేసు ఎక్కుడు మీద ముగుస్తుంది, ఆ తర్వాత రేసు వేగంలో దిగే పనే ఉండదు.

వేడి దిగుడు తర్వాత ఆ రాత్రి

స్టేజి ముగిశాక చక్రాలు చల్లారే దాకా ఆగాలి. వేడి రిమ్ మీద చల్లటి నీళ్లు పోయకూడదు. ట్యూబులర్ అయితే మొదట వాల్వు చూడండి. నిటారుగా ఉండాల్సిన వాల్వు ఒక పక్కకు వంగి ఉంటే టైరు జరిగింది. దాన్ని తిన్నగా నెట్టి మర్నాడు వాడకూడదు. ఊడదీసి, పాత జిగురు గీకి, మళ్లీ అంటించి, ఒక రాత్రంతా ఆరబెట్టాలి. అందుకే ప్రతి రైడర్‌కూ ఒక జత చక్రాలు అదనంగా ఉండాలి. టైరు పక్క నుంచి బొటనవేలితో గట్టిగా తోసి, అంచు ఎక్కడైనా లేస్తుందా చూడండి. కార్బన్ రిమ్ అయితే వెర్నియర్ కాలిపర్‌తో బ్రేకు పట్టీ వెడల్పు ఎనిమిది చోట్ల కొలవండి. మిగతా చోట్లతో పోలిస్తే ఒకచోట అర మిల్లీమీటరు ఎక్కువుందంటే ఆ రిమ్ పని అయిపోయింది. పట్టీ మీద గోధుమ రంగు మచ్చలు, కాలిన రెసిన్ వాసన ఉన్నా అంతే. ప్యాడ్ తీసి దాని ముఖం చూడండి. అద్దంలా మెరుస్తుంటే 120 నంబరు ఉప్పుకాగితంతో గీకి ఇసుక రేణువులు, లోహపు ముక్కలు ఏమైనా ఇరుక్కుని ఉంటే సూదితో తీసేయండి. లేటెక్స్ ట్యూబు వాడిన చక్రం ఏదైనా ఉంటే మర్నాటి దిగుడుకు అది వద్దు. మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు పెట్టి, గాలి మాత్రం పొద్దున స్టార్ట్‌కు పది నిమిషాల ముందు, సైకిలు ఎండలో నిలబడ్డాక ఇంకోసారి చూసుకోండి.